ఓడ వేగం తీసేస్తే మిగిలేదే సముద్రం

దక్షిణ మహాసముద్రానికి వెళ్లే పరిశోధన నౌకలో మీకు చోటు దొరికింది. మీకు అప్పగించిన పని ఏడీసీపీ, అంటే శబ్దంతో సముద్ర ప్రవాహాలను కొలిచే పరికరం. బయలుదేరిన కొత్తలో తెర మీద రంగులు నిండుగా కనిపిస్తాయి. పైనుంచి కొన్ని వందల మీటర్ల లోతు దాకా నీళ్లు ఎటు పోతున్నాయో, ఎంత వేగంగా పోతున్నాయో చూస్తుంటే ఉత్సాహంగా ఉంటుంది. తరువాత ఒకరోజు ఓడ మంచులోకి దూరుతుంది. అంతే, తెరలో సగం ఖాళీ అయిపోతుంది. మిగిలిన సగంలో ఓడ ఎటు తిరిగితే ప్రవాహమూ అటే తిరుగుతున్నట్టు కనిపిస్తుంది.

పరికరం పాడైందా? నేను మార్చకూడనిది ఏదైనా మార్చానా? అర్ధరాత్రి పూట పెద్ద శాస్త్రవేత్త గది తలుపు కొట్టాలా, వద్దా?

కంగారు పడకండి. మంచులోకి వెళ్లిన ప్రతి ఓడలోనూ ఇది జరుగుతుంది. పరికరాన్ని తయారు చేసినవాళ్లకూ తెలుసు, నడిపేవాళ్లకూ తెలుసు. మీరు నేర్చుకోవాల్సింది ఏ కొలత నమ్మాలి, ఏది పక్కన పెట్టాలి అన్నదే. ఈ అధ్యాయమంతా దాని గురించే.

అసలు పని తీసివేత

డాప్లర్ సూత్రం మీరు కాలేజీలో చదివే వచ్చారు కాబట్టి దాని జోలికి పోను. ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు. ఓడ అడుగున బిగించిన ట్రాన్స్‌డ్యూసర్ నాలుగు శబ్ద కిరణాలను వాలుగా కిందికి పంపుతుంది. నీళ్లతోపాటు కొట్టుకుపోయే ప్లవకాలకూ క్రిల్ లాంటి చిన్న ప్రాణులకూ తగిలి అవి తిరిగొస్తాయి. ఆ ప్రతిధ్వని పరికరానికి చెప్పేది ఏమిటి? ఓడతో పోలిస్తే నీళ్లు ఎంత వేగంగా కదులుతున్నాయన్నది మాత్రమే. అందులోంచి ఓడ సొంత వేగాన్ని తీసేస్తే గానీ ప్రవాహం బయటపడదు.

ఆ రెండు అంకెలూ ఎంతెంత ఉంటాయో చూశారా? ఓడ 10 నాట్ల మీద పోతోందంటే సెకనుకు 514 సెంటీమీటర్లు. అంటార్కిటికా అంచుల్లో మీరు పట్టుకోవాలనుకుంటున్న ప్రవాహం చాలాచోట్ల సెకనుకు 10 లేదా 20 సెంటీమీటర్లు. పెద్ద అంకెలోంచి పెద్ద అంకెను తీసేసి, మిగిలే చిన్న అంకెను సముద్రం అని పిలవబోతున్నారు. పెద్ద అంకెలో కొద్దిపాటి తప్పు దొర్లినా చిన్న అంకె మొత్తం తప్పవుతుంది.

ఒక లెక్క వేద్దాం. పెన్ను తీసుకుని మీరే వేయండి, అప్పుడే మనసులో నిలుస్తుంది. ఓడ ముక్కు ఏ దిక్కున ఉందో చెప్పే హెడింగ్‌లో ఒక్క డిగ్రీ తప్పుందనుకోండి. 514ని ఒక డిగ్రీ సైనుతో గుణిస్తే దాదాపు 9 వస్తుంది. అంటే సెకనుకు 9 సెంటీమీటర్ల దొంగ ప్రవాహం పుట్టింది, అదీ ఓడ దారికి అడ్డంగా. ఇప్పుడు మీ ఓడ దక్షిణ అమెరికా కొసకూ అంటార్కిటికా ద్వీపకల్పానికీ మధ్య ఉన్న డ్రేక్ పాసేజ్‌ను దాటుతోంది. దాని వెడల్పు దాదాపు 800 కిలోమీటర్లు. మీ పరికరం వెయ్యి మీటర్ల లోతు దాకా చూస్తోంది. 0.09ని 8 లక్షలతో, మళ్లీ వెయ్యితో గుణించండి. సెకనుకు 7 కోట్ల 20 లక్షల ఘనపు మీటర్లు.

సముద్రం లెక్కల్లో సెకనుకు 10 లక్షల ఘనపు మీటర్లను ఒక స్వెర్‌డ్రప్ అంటారు. కాబట్టి మీ ఒక్క డిగ్రీ తప్పు 72 స్వెర్‌డ్రప్‌లు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద దాదాపు 35 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఒక్క స్వెర్‌డ్రప్ దానికి పది రెట్లు. అంటే కాగితం మీద అలాంటి ఏడువందల ఇరవై గోదావరులను మీరు సృష్టించేశారు. అంటార్కిటికా చుట్టూ తిరిగే ప్రవాహం, ఈ భూమ్మీద అన్నిటికన్నా పెద్దది, డ్రేక్ పాసేజ్ దగ్గర పైనుంచి అడుగు దాకా కలిపినా పాత లెక్కల్లో 134 స్వెర్‌డ్రప్‌లు, 2016లో వెలువడిన కొలతల్లో 173. మీ తప్పు అందులో సగానికి దగ్గరగా ఉంది!

భయపెట్టడానికి చెప్పలేదు. మీ శ్రద్ధ ఎక్కడ పెట్టాలో తెలియడానికి చెప్పాను. కొత్తవాళ్లు ట్రాన్స్‌డ్యూసర్ గురించి బెంగపెట్టుకుంటారు. అనుభవం ఉన్నవాళ్లు ముందుగా హెడింగ్ ఎక్కణ్నుంచి వస్తోందని అడుగుతారు.

రేవు వదలకముందే

కింది పనులు తీరం కనిపిస్తుండగానే ముగించండి. ఓడ ఊగడం మొదలయ్యాక మెదడు ఇంత చురుగ్గా పనిచేయదు.

1. హెడింగ్ ఇచ్చే పరికరాలు ఎన్ని ఉన్నాయో, ఏవో తెలుసుకోండి. ప్రతి ఓడలోనూ జైరో కంపాస్ ఉంటుంది. నమ్మకంగా తిరుగుతుంది, ఎప్పుడూ ఆగిపోదు. కానీ అది భూమి తిరుగుడును ఆధారం చేసుకుని ఉత్తరాన్ని వెతుక్కుంటుంది, ధ్రువం దగ్గరపడేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర భూమధ్యరేఖ దగ్గరున్న పట్టులో సగమే, 70 దగ్గర మూడో వంతు, 80 దగ్గర ఆరో వంతు. అందుకే రెండు మూడు జీపీఎస్ యాంటెనాల మధ్య తేడాను చూసి దిశ చెప్పే పరికరం కూడా ఉండాలి. రోజువారీ నడకకు జైరో, దాని తప్పును సరిదిద్దడానికి జీపీఎస్ హెడింగ్. రెండూ విడివిడిగా రికార్డు అవుతున్నాయో లేదో స్వయంగా చూడండి.

2. జైరోలో అక్షాంశం, ఓడ వేగం సర్దుబాటు సరిగా ఉందా అని ఓడను నడిపే బ్రిడ్జిలో అడగండి. ఓడ ఉత్తర దక్షిణాలుగా పోతున్నప్పుడు దాని సొంత కదలిక కూడా జైరోను మోసం చేస్తుంది. సర్దుబాటు లేకపోతే, 10 నాట్ల మీద నేరుగా దక్షిణానికి పోయే ఓడలో 60 డిగ్రీల దగ్గర తప్పు డిగ్రీ దాటుతుంది, 70 దగ్గర రెండు డిగ్రీలకు చేరువవుతుంది. పైన వేసిన లెక్క గుర్తుందిగా?

3. ట్రాన్స్‌డ్యూసర్ ఉన్న గుంత సంగతి కనుక్కోండి. మంచులో తిరిగే ఓడల్లో పరికరాన్ని నేరుగా నీళ్లలోకి వేలాడదీయరు, మంచు గడ్డ ఒక్కటి తగిలితే చాలు, పోతుంది. ఓడ అడుగులో గుంతలా చేసి, లోపల పరికరం పెట్టి, శబ్దాన్ని పోనిచ్చే పలకతో మూస్తారు. లోపల గడ్డకట్టని ద్రవం నింపుతారు. ఆ ద్రవం తగ్గిందా? పలక కింద గాలి చిక్కుకుందా? శబ్దానికి గాలి గోడతో సమానం. ఓడ ఇంజనీరును వెతుక్కుంటూ వెళ్లి అడగండి, సంతోషంగా చెబుతారు.

4. శబ్ద వేగం సరిచూసుకోండి. మామూలుగా పరికరాల్లో సెకనుకు 1,500 మీటర్లని పెట్టి ఉంటుంది. గడ్డకట్టే దశలో ఉన్న సముద్రపు నీటిలో, అంటే సున్నాకు 1.8 డిగ్రీలు కింద, అది 1,440 దరిదాపుల్లో ఉంటుంది. తేడా నూటికి నాలుగు. నాలుగు ముఖాలు విడివిడిగా ఉండే పాత తరహా ట్రాన్స్‌డ్యూసర్ అయితే 10 నాట్ల దగ్గర ఈ నాలుగు శాతమే సెకనుకు 20 సెంటీమీటర్ల తప్పు. పైగా అక్కడ లెక్కలోకి వచ్చేది ట్రాన్స్‌డ్యూసర్ ముఖానికి ఆనుకుని ఉన్న ద్రవంలోని శబ్ద వేగం. ఒకే చదునైన ముఖంతో కిరణాలను తయారుచేసే కొత్త తరహా పరికరంలో అడ్డంగా పోయే వేగానికి ఈ చిక్కు లేదు, లోతుల లెక్కకు మాత్రం ఉంటుంది. మీది ఏ తరహానో తెలుసుకోకుండా ఓడ ఎక్కవద్దు.

5. గడియారాలన్నీ జీపీఎస్ సమయానికి కట్టండి.

6. ఓడలో ఇంకా ఏయే సోనార్లు ఉన్నాయో, ఏ పౌనఃపున్యం మీద పనిచేస్తాయో జాబితా రాసుకోండి. అడుగు పటాలు గీసేది, చేపలను లెక్కించేది, లోతు చూసేది, అన్నీ ఒకేసారి అరుస్తుంటే మీ పరికరానికి తన గొంతు తనకే వినపడదు. ఏది ఎప్పుడు పింగ్ చేయాలో, అంటే శబ్దం వదలాలో, వరుస కట్టే ఏర్పాటు ఉంటే వాడండి, లేకపోతే ఎవరికి ఏ గంటలు కావాలో మొదటి రోజే కూర్చుని మాట్లాడుకోండి. మంచు మధ్యలో తగాదా పడటంకన్నా రేవులో ఒప్పందం మేలు.

ఏ పౌనఃపున్యం వాడాలని చాలామంది అడుగుతారు. 150 కిలోహెర్ట్జ్ పరికరం రెండు మూడు వందల మీటర్ల దాకా సన్నటి పొరలుగా చూపిస్తుంది. 75 అయితే ఆరేడు వందలు. 38 అయితే వెయ్యి మీటర్ల దాకా పోగలదు, కానీ పొరలు మందంగా ఉంటాయి. ఓడలో రెండు ఉంటే రెండూ నడపండి. ఒకదాని అబద్ధాన్ని ఇంకొకటి బయటపెడుతుంది. ఈ దూరాలు కూడా నీళ్లలో ప్రాణులు ఉంటేనే సుమా. చలికాలపు ధ్రువ సముద్రంలో ప్లవకాలు పలచబడితే ప్రతిధ్వని కూడా పలచబడుతుంది. అది పరికరం తప్పు కాదు.

లోతు తక్కువ చోటును వదులుకోకండి

చిలీలోని పుంటా అరేనస్ నుంచి బయలుదేరినా, మరో రేవు నుంచి బయలుదేరినా, మొదటి కొన్ని గంటలు తీరపు మెట్ట మీద లోతు తక్కువగా ఉంటుంది. శబ్దం అడుగును తాకి తిరిగొస్తుంది. అడుగు కదలదు కాబట్టి అక్కడ కనిపించే కదలికంతా ఓడదే. దాన్ని జీపీఎస్ వేగంతో పోల్చితే మీ పరికరం ఎన్ని డిగ్రీలు పక్కకు తిరిగి బిగించి ఉందో, వేగాన్ని ఎంత శాతం ఎక్కువో తక్కువో చూపుతోందో తేలిపోతుంది. దీన్ని బాటమ్ ట్రాక్ అంటారు. ఇంత తేలికైన సర్దుబాటు మళ్లీ దొరకదు. అంటార్కిటికా దగ్గర కూడా మెట్ట ఉంటుంది కదా, అక్కడ చేసుకుందాంలే అంటారా? ఆ మెట్ట మామూలు తీరాలకన్నా లోతు, 400 నుంచి 500 మీటర్లు ఉంటుంది. 150 కిలోహెర్ట్జ్ పరికరానికి అడుగు అందీ అందనట్టు ఉంటుంది.

లోతైన నీళ్లలోకి వచ్చాక బాటమ్ ట్రాక్ ఆపేయడం మరిచిపోవద్దు. లేకపోతే దొరకని అడుగు కోసం పరికరం పింగ్‌లన్నీ ఖర్చు పెట్టేస్తుంది.

అడుగు అందని చోట ఇంకో ఉపాయముంది. ఓడ ఆగినప్పుడూ బయలుదేరినప్పుడూ మలుపు తిరిగినప్పుడూ జాగ్రత్తగా చూడండి. కింద సముద్రం అంత త్వరగా మారదు. ఓడ మలుపు తిరిగిన క్షణంలోనే ప్రవాహం కూడా మారినట్టు కనిపిస్తే ఆ మార్పు మీ సర్దుబాటులోని లోపం. యాత్ర పొడుగునా ఇలాంటి మలుపులను పోగు చేసి సగటు తీస్తే పదో వంతు డిగ్రీ స్థాయిలో సరిదిద్దుకోవచ్చు. ఒక్క మలుపుతో సంతృప్తి పడకండి.

ఇక మంచులోకి

ఇక్కడ కొంచెం నింపాదిగా చదవండి.

ఓడ మంచు పలకను పగలగొట్టినప్పుడు ముక్కలు ఎక్కడికి పోతాయి? కొన్ని పక్కలకు జరుగుతాయి. కొన్ని ఓడ అడుగు కింద ఒరుసుకుంటూ వెనక్కి పోతాయి, వాటితోపాటు బుడగలూ, సూదుల్లాంటి సన్నటి మంచూ. ఇవన్నీ మీ పలక కిందినుంచే వెళ్తాయి. శబ్దం బయటికి వెళ్లే దారే మూసుకుపోయింది. కొన్ని ఐస్‌బ్రేకర్లలో ఒరిపిడి తగ్గించడానికి కావాలనే గాలి బుడగలు వదిలే ఏర్పాటు ఉంటుంది, అది నడుస్తున్నంతసేపు కొలత మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పుడు ఆపారో బ్రిడ్జి నుంచి కబురు వచ్చేలా చూసుకోండి.

ఖాళీ తెర నిజానికి మంచి తెర. లేని కొలత ఎవరినీ మోసం చేయదు. ప్రమాదమంతా సగం మూసుకున్న దారితోనే. ఓడతోపాటే ఈడ్చుకుపోతున్న మంచు ముక్కకు తగిలి శబ్దం తిరిగొస్తే, ఓడతో పోలిస్తే దాని వేగం సున్నా. ఆ సున్నా అసలు కొలతలో కలిస్తే, నీళ్లు వెనక్కి పోయే వేగం తక్కువగా నమోదవుతుంది. తీసివేత చేశాక ఏం తేలుతుంది? నీళ్లు ఓడ పోయే వైపే పోతున్నాయని! మీరు మొదట్లో భయపడిన బొమ్మ ఇదే. ఓడ ఎటు తిరిగితే ప్రవాహం అటు తిరగడం అన్నది మంచు, బుడగలు పెట్టే గుర్తు. ఈ గుర్తు తెలిసినవాళ్లకు రాత్రిళ్లు కంగారుండదు.

మరి చేయాల్సిందేమిటి?

1. పింగ్‌లలో ఎన్ని పనికొచ్చాయో చూపే శాతం ఒకటి తెర మీద ఉంటుంది. ప్రవాహం బొమ్మకన్నా ముందు దాన్ని చూసే అలవాటు చేసుకోండి. అది పడిపోతున్నప్పుడు బొమ్మ ఎంత అందంగా ఉన్నా నమ్మకండి.

2. నాలుగు కిరణాల్లో వేగం లెక్కకు మూడు చాలు. నాలుగోది సాక్షి. నాలుగూ ఒకే మాట చెబుతున్నాయా లేదా అన్నది ఎర్రర్ వెలాసిటీ అనే అంకెలో కనిపిస్తుంది. ఒక కిరణానికి మంచు అడ్డుపడితే సాఫ్ట్‌వేర్ మూడింటితోనే లెక్క కట్టేయగలదు, కానీ అప్పుడు సాక్షి లేడు. అలాంటి కొలతలకు వేరే గుర్తు పెట్టి ఉంచండి.

3. ముడి పింగ్‌లన్నీ దాచండి. సగటులు మాత్రమే దాచి ముడివి పారేస్తే తరువాత శుభ్రం చేయడానికి ఏమీ మిగలదు. మామూలు ప్రయాణంలో ఐదు నిమిషాల సగటు బాగుంటుంది. కానీ దట్టమైన మంచులో ఓడ వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకొచ్చి ఢీకొంటూ పోతుంది. ఐదు నిమిషాల్లో ముందుకూ వెనక్కూ రెండూ జరిగితే ఆ సగటుకు అర్థమేముంది? ముడి పింగ్‌లు ఉంటే ముక్కలు చేసి పనికొచ్చే నిమిషాన్ని ఏరుకోవచ్చు.

4. ఓడ ఆగిన ప్రతిసారీ మెలకువగా ఉండండి. సాధారణంగా అందరూ టీ తాగడానికి వెళ్లేది అప్పుడే! నిజానికి మంచులో మీకు దక్కే అతి మంచి కొలతలు అవే. తీసివేయాల్సిన ఓడ వేగం దాదాపు సున్నా కాబట్టి హెడింగ్ తప్పు ప్రభావం కూడా దాదాపు సున్నా అవుతుంది. పైగా ఓడ మంచు పలకతోపాటే తేలుతోంది. జీపీఎస్ చెప్పే ఓడ కదలికే మంచు కదలిక. పైన మంచు ఎటు పోతోంది, కింద నీళ్లు ఎటు పోతున్నాయి, రెండూ ఒకేసారి చేతిలో ఉన్నాయి. ధ్రువ అన్వేషకుడు నాన్సెన్ 1893 నుంచి 1896 దాకా ఫ్రామ్ ఓడను ఆర్కిటిక్ మంచులో ఇరికించి తేలనిచ్చినప్పుడు, మంచు గాలి వీచే వైపు కాకుండా దానికి కుడిగా 20 నుంచి 40 డిగ్రీలు పక్కకు పోతోందని గమనించాడు. దానికి కారణం చెబుతూ సముద్ర శాస్త్రవేత్త ఎక్‌మన్ 1905లో రాసిన సిద్ధాంతం ఇప్పటికీ మన పునాది. ఆగిన ఓడలో మీరు కూర్చుని చూస్తున్నది ఆ సంబంధాన్నే.

5. మంచులో మలుపులు ఎక్కువ. ఒక్కో మలుపు తరువాత జైరో దాదాపు 84 నిమిషాల ఊపుతో అటూ ఇటూ ఊగుతుంది. అది కుదురుకునేలోపు ఇంకో మలుపు వస్తుంది. అంటే మంచులో ఉన్నంతసేపు జైరో ఎప్పుడూ ఊగుతూనే ఉందనుకోవాలి. జీపీఎస్ హెడింగ్ అక్కడే ప్రాణాధారం. యాంటెనాల మీద మంచు పేరుకుందేమో రోజూ అడగండి. మీరు స్వయంగా పైకెక్కకండి, డెక్ సిబ్బంది చూసుకుంటారు.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. మంచు అంతా శత్రువు కాదు. డ్రేక్ పాసేజ్ తుఫానులో ఓడ ముక్కు అలల్లో మునిగి లేస్తుంటే, అడుగు కిందికి తోసుకొచ్చే బుడగలు కొలతను గంటల తరబడి పాడు చేస్తాయి. మంచు అంచు దాటగానే అలలు అణిగిపోతాయి. పలకల మధ్య దారి దొరికి ఓడ మెల్లగా పోతున్నప్పుడు తెర ఒక్కసారిగా తేటపడుతుంది. అలాంటి గంటలు రోజుకు రెండు దొరికినా చాలా విలువైనవి. వాటికి సిద్ధంగా ఉండండి.

ఒక రాత్రి వాచ్ అనుకుందాం

రాత్రి రెండు గంటలు. నిన్న ఓడ మెట్ట అంచు వెంబడి తూర్పుకు పోయింది, అప్పుడు 200 మీటర్ల దగ్గర ప్రవాహం తూర్పుకు 15 సెంటీమీటర్లు అని చూపింది. ఈ రాత్రి అదే దారిన పడమటికి తిరిగొస్తోంది. అదే చోట, అదే లోతులో ప్రవాహం పడమటికి 14 అంటోంది. మీ పక్కన కూర్చున్న మిత్రుడు ఉత్సాహపడి "ప్రవాహం తిరగబడింది! ఇది రాయదగ్గ విషయం" అంటాడు.

మీరేం చేస్తారు? ముందు రెండు రోజుల్లో పనికొచ్చిన పింగ్‌ల శాతం తీసి చూడండి. ఓడ దిశతో పాటే ప్రవాహం మారిందంటే అనుమానం మొదట ఓడ మీదే. తరువాత ఆటుపోట్లు లెక్కలోకి తీసుకోండి, మెట్ట మీద అవి బలంగానే ఉండవచ్చు, కొన్ని గంటల తేడాలో అవి కూడా దిశ మార్చగలవు. చివరగా ఈ రెండు పరుగుల మధ్య ఓడ ఎక్కడైనా ఆగిందా చూడండి. ఆగినచోటి కొలత మూడు సెంటీమీటర్లు చూపిస్తోందా? అయితే దానికే ఓటు వేయండి. మిత్రుణ్ని నిరుత్సాహపరచకండి, లాగ్‌బుక్‌లో మూడు సంగతులూ రాయమనండి. నిజంగానే ప్రవాహం తిరగబడి ఉంటే ఈ పరీక్షలన్నీ దాటి నిలబడుతుంది.

తరచూ జరిగే పొరపాట్లు

సగటు తీస్తే అన్నీ సర్దుకుంటాయని నమ్మడం మొదటిది. ఒక్కో పింగ్‌లో 20 సెంటీమీటర్ల చెదురు ఉంటే వంద పింగ్‌ల సగటులో అది రెండుకు దిగుతుంది, నిజమే. కానీ హెడింగ్ తప్పు, మంచు పెట్టే సున్నాలు చెదురు కావు, ఎప్పుడూ ఒకే వైపు లాగుతాయి. లక్ష పింగ్‌లు కలిపినా అవి అలాగే ఉంటాయి.

అడుగు దగ్గరి కొలతను వాడేయడం రెండోది. కిరణాలు 30 డిగ్రీల వాలుగా పోతాయి, వాటి పక్క కిరణాలు నిటారుగా దిగి అడుగును ముందే తాకేస్తాయి. దాంతో నీటి లోతులో చివరి 13 నుంచి 15 శాతం కలుషితమవుతుంది. 500 మీటర్ల నీళ్లలో ఆఖరి 70 మీటర్లను వదిలేయండి. పైన కూడా 20, 30 మీటర్లు పరికరానికి కనిపించవు. ఆ ఖాళీని ఊహతో నింపి కొలత అని రాయవద్దు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది: లాగ్‌బుక్‌ను చిన్నచూపు చూడటం. మంచు పదింట ఎన్ని పాళ్లు కప్పి ఉంది, ఓడ ముందుకు పోతోందా, వెనక్కి వెళ్లి ఢీకొంటోందా, ఏ సోనార్ ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఆపారు. ఇవన్నీ గంటకోసారి చేత్తో రాసి ఉంటే, ఆరు నెలల తరువాత ఒడ్డున కూర్చున్న మనిషి ఏ గంట నమ్మాలో చెప్పగలడు. రాయకపోతే ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ అయినా ఊహించాల్సిందే.

బ్రిడ్జితో స్నేహం

సిగ్గుపడకుండా పైకి వెళ్లండి. డ్యూటీలో ఉన్న ఆఫీసరు తీరికగా ఉన్నప్పుడు నమస్కారం చెప్పి, మీ పనేమిటో రెండు ముక్కల్లో వివరించండి. "సర్, వీలుంటే ఈ గీత మీద అరగంట వేగం, దిశ మార్చకుండా పోనివ్వగలరా?" అని అడగండి. మంచు ఒప్పుకోకపోతే కాదంటారు, అది వాళ్ల బాధ్యత, మీరు సరేననాలి. ఒప్పుకుంటే ఆ అరగంట మీ యాత్రలో బంగారం. ఆగబోయే ముందు, కదలబోయే ముందు ఫోన్ చేయమని కూడా కోరండి. చాలామంది ఆఫీసర్లు తమ ఓడ ఏం కొలుస్తోందో తెలుసుకోవాలనే ఆసక్తితోనే ఉంటారు, అడిగేవాళ్లే ఉండరు.

ఓడ కింద ఏమీ కనిపించని రోజులు కూడా వస్తాయి. అప్పుడు నీటి నమూనాలు తీసే చట్రానికి కట్టిన చిన్న ఏడీసీపీని తీగతో లోతుకు దించుతారు. అది మంచు ముక్కల కిందికి వెళ్లి కొలుస్తుంది. దాని లోపలుండే కంపాస్ అయస్కాంతపుది, అయస్కాంత ధ్రువానికి దగ్గరైతే అదీ తడబడుతుంది. చలికి బ్యాటరీ కూడా త్వరగా నీరసపడుతుంది. దించే ముందు వోల్టేజి చూడండి.

ఓపికకు ఫలితం ఉంటుందా?

ఉంటుంది. లారెన్స్ ఎమ్. గూల్డ్ అనే అమెరికన్ ఓడ అంటార్కిటికాలోని పామర్ స్టేషన్‌కు సరుకులు మోస్తూ డ్రేక్ పాసేజ్‌ను ఏడాది పొడుగునా దాటేది. 1999లో దానికి 150 కిలోహెర్ట్జ్ ఏడీసీపీ, 2004లో 38 కిలోహెర్ట్జ్‌ది బిగించారు. తెరెసా చెరెస్కిన్, ఎరిక్ ఫైరింగ్ అనే శాస్త్రవేత్తలు ఆ కొలతల బాధ్యత మోశారు. దాటిన ప్రతిసారీ కొంత భాగం బుడగలకు పోయింది, కొంత మంచుకు పోయింది. మిగిలినదాన్ని సంవత్సరాల తరబడి ఒకదాని మీద ఒకటి పేర్చారు. 2009 నాటికి ఎక్‌మన్ చెప్పిన సుడి, గాలి తోసిన నీరు లోతుకు పోయేకొద్దీ పక్కకు తిరగడం, దక్షిణ మహాసముద్రంలో ఆ కొలతల సగటులోనే కనిపించింది. ఆ వేగాలు సెకనుకు కొన్ని సెంటీమీటర్లు మాత్రమే. హెడింగ్‌లో అర డిగ్రీ తప్పు నిలిచిపోయి ఉంటే అవి బయటపడేవే కావు.

ఒక్క యాత్రలో మీరు అంత సాధించలేకపోవచ్చు. కానీ మీ యాత్ర అలాంటి పేర్పులో ఒక పొర అవుతుంది, సరిగ్గా రాసి పెడితే. తిరిగొచ్చాక ముడి పింగ్‌లు, రెండు హెడింగ్‌లు, సర్దుబాటు అంకెలు, లాగ్‌బుక్ నకలు, నాలుగూ కలిపి ఒకే చోట అప్పగించండి. మన దేశపు జాతీయ సముద్ర దత్తాంశ కేంద్రం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లోనే ఉంది. పక్కన పెట్టిన గంటలను కూడా చెరిపేయకుండా, ఎందుకు పక్కన పెట్టారో ఒక వాక్యం రాసి ఇవ్వండి. రేపు ఇంకొకరు అదే మంచులోకి వెళ్లే ముందు తెరిచేది ఆ ఫైలే.